కళాశాల లెక్క, వంటయింటి పద్దు

విద్య కళాశాల గోడల నడుమనే నిలిచిపోయినచో పరీక్షకు మాత్రము పనికివచ్చును. ఇల్లు చేరినప్పుడే అది సంసారమునకును లోకమునకును ఉపకరించును. ఈ మాసము సోదరీమణులతో మేము ముచ్చటింపదలచిన విషయ మట్టిది.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న మేడ్చలు, శామీరుపేటలు ఒకప్పుడు చెఱువులకును ద్రాక్షతోటలకును పేరొందినవి. నేడవి విద్యాస్థానములైనవి. 1998లో వెలసి శామీరుపేటలో నున్న నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, 2008లో వచ్చిన బిట్స్ పిలానీవారి హైదరాబాదు శాఖ, మేడ్చలు త్రోవలో కండ్లకోయ, మైసమ్మగూడ ప్రాంతములందలి ఇంజనీరింగు కళాశాలలు అందఱెఱిగినవే. వేలకొలది బాలికలు నిత్యము వీనిలో చదువుకొనుచున్నారు.

ఇట్టి కళాశాలలకు నేడొక క్రొత్త బాధ్యత యేర్పడినది. విద్యార్థులకు పర్యావరణ విద్య నేర్పవలెనని సుప్రీముకోర్టు 1991లోనే ఆదేశించినది. పర్యావరణమునకు హితముగా కళాశాలా ప్రాంగణములను తీర్చుకొను విధమును యూనివర్సిటీ గ్రాంట్సు కమిషనువారు ప్రకటించిరి. కళాశాలల యోగ్యతను పరీక్షించు న్యాక్ సంస్థవారును సూర్యవిద్యుత్తు, వాననీటి నిలువ, చెత్త పారవేయు పద్ధతి మున్నగువానిని గూర్చి ప్రశ్నించుచు వచ్చిరి. అందుచే తాను గాలిలోనికి విడుచు బొగ్గుపులుసు వాయువెంతయో ప్రతి కళాశాలయు లెక్క చూచుకొనుట యుచితము. బొగ్గు, పెట్రోలు, వంటగ్యాసు మండినప్పుడెల్ల ఈ వాయువు పుట్టును. అది దుప్పటివలె భూమిని కప్పి వేడిని పోనీయదు. ఎండలు ముదురుటకును వానలు అదను తప్పుటకును ఇది ముఖ్యకారణము.

ఈ లెక్క కష్టమైనది కాదు. పాలపద్దు వ్రాయు ఇల్లాలు దీనిని వ్రాయగలదు. మన దేశమున విద్యుత్తు చాలవఱకు బొగ్గువలన పుట్టుచున్నది గావున ఒక్క యూనిట్టునకు ఇంచుమించు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడును. లీటరు పెట్రోలునకు 2 కిలోల 300 గ్రాములు. 14 కిలోల 200 గ్రాముల గ్యాసుబండ యొకటి ముగియునప్పటికి సుమారు 42 కిలోలు. కరెంటుబిల్లు, గ్యాసురసీదులు, పెట్రోలు ఖర్చు ముందుంచుకొని హెచ్చవేసినచో సంవత్సరపు మొత్తము తేలును.

లెక్క వేసినపిమ్మట కొన్ని భ్రమలు తొలగును. ఒక మొక్క నాటి ఛాయాచిత్రము తీయించుకొన్నచో పని ముగిసినదని పలువురు తలంతురు. ఎదిగిన చెట్టొకటి ఏడాదికి సుమారు 20 కిలోల బొగ్గుపులుసు వాయువును మాత్రమే పీల్చుకొనును. మేడమీద నమర్చిన ఒక కిలోవాటు సూర్యఫలకములు దినమునకు ఇంచుమించు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చి, ఏడాదిలో 1000 కిలోల వాయువు పుట్టకుండ చేయును. అది 50 చెట్ల పని. చెట్లు వలదని మేమనము. నీడకును పక్షులకును చెట్టే దిక్కు. కాని చెట్టు పేరు చెప్పి, ఎవరును లేని గదులలో తిరుగు పంకాలను మఱచుట తగదు. పాతరకపు పంకాకు 75 వాట్లు కావలసియుండగా, క్రొత్తగా వచ్చిన బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు చాలును.

ఇంతవఱకు కళాశాలవారు తమంతట చేయదగిన పనులు. ఇండ్ల సాయము లేనిదే వారికి చక్కబడని పద్దులు రెండు గలవు.

మొదటిది రాకపోకలు. దినమునకు 40 కిలోమీటర్లు స్కూటీమీద పోయివచ్చు బాలిక సుమారు లీటరు పెట్రోలు కాల్చును. 200 దినములకు 460 కిలోల వాయువగును. 2023 ఏప్రిలులో సికింద్రాబాదునుండి మేడ్చలువఱకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి. ఆ యేడే డిసెంబరులో తెలంగాణమున ఆర్టీసీ బస్సులయందు స్త్రీలకు ఉచిత ప్రయాణ మారంభమైనది. అయినను బస్సు దిగిన చోటినుండి కళాశాలవఱకు చీకటిదారి యున్నచో తల్లి కూతును పంపుటకు జంకును. ఆమె జంకుట తప్పు కాదు. దారిలో దీపములుంచుట, స్టేషనునుండి కళాశాలకు బండి నడపుట కూడ పర్యావరణ కార్యములే. తల్లులు పదిమంది కలిసి కళాశాలవారి నడిగినచో ఇవి సాధ్యములగును.

రెండవది చెత్త. శామీరుపేటకు చేరువనే జవహర్‌నగరు కలదు. మహానగరపు వంటయిండ్ల చెత్త యేండ్లతరబడి అచ్చట గుట్టగా పెరిగినది. దానినుండి కాఱిన మురుగు మల్కారము చెఱువును చెఱచినది. తరువాత గుట్టను కప్పిరి. చెత్తను మండించి విద్యుత్తు తీయు కర్మాగారమును 2020లో ఆరంభించిరి. కాని తడిచెత్త కలిసినది చక్కగా మండదు. గాలి తగులక కుళ్ళిన తడిచెత్తలో మీథేను పుట్టును. నూఱేండ్ల లెక్కలో అది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 28 రెట్లు వేడిని నిలుపును. ఆ గుట్ట చెంత కాపురముండు తల్లులును మనవంటివారే గదా! మన యింటి తొక్కల కంపును వారి బిడ్డలు పీల్చుట న్యాయమా?

తడిచెత్త, పొడిచెత్త వేఱుచేయవలెనని 2016నాటి నిబంధనలే చెప్పినవి. తడిచెత్తను ఇంటనే యెరువు చేసికొనవచ్చును. పాతకుండకు నాలుగు రంధ్రములు చేసి, అడుగున ఎండుటాకులు పఱచి, కూరల తొక్కలు వేసినప్పుడెల్ల పైన రెండు పిడికిళ్ల ఎండుటాకులు చల్లవలెను. అప్పుడప్పుడు కొంచెము పుల్లమజ్జిగ చిలుకరించి, వారమున కొకసారి కలియబెట్టవలెను. కంపు కొట్టినచో ఎండుటాకులు తక్కువైనవని గ్రహింపవలెను. రెండు మూడు నెలలలో నల్లని యెరువు తయారగును. అది తులసికోటకును కరివేపచెట్టునకును మిక్కిలి మేలు.

కళాశాలనుండి వచ్చిన కూతురుగాని కోడలుగాని కరెంటుబిల్లు చూపుమని యడిగినచో నవ్వి త్రోసిపుచ్చకుడు. చదువు ఆమెది, సంసారానుభవము మీది. ఇద్దఱు కూర్చున్నగాని ఈ లెక్క పూర్తికాదు. ఈ నెల యూనిట్లెన్నియో, గ్యాసుబండ యెన్ని దినములు వచ్చినదో, చెత్తబండికి దినమున కెన్ని బుట్టలు పోవుచున్నవో మూడు పంక్తులు వ్రాసి యుంచుడు. వచ్చు సంవత్సరము ఇదే మాసమున మరల వ్రాసి సరిచూడుడు. తగ్గినది యెంతయో ఇరుగుపొరుగువారికి చెప్పుడు.