మఱుగుపడిన మేళము

కూచిపూడి నాట్యమునకు మూలపురుషుడెవరని యే పాఠశాలలో నడిగినను పిల్లలు సిద్ధేంద్రయోగి పేరు చెప్పుదురు. చింతా వెంకటరామయ్యగారెవరని యడిగితిమా, పిల్లలేకాదు, ఉపాధ్యాయులును మొగమొగములు చూచుకొందురు. పామిడిముక్కలకు పొరుగుననున్న యూరి సంగతియే మాకిట్లుండగా దూరపువారిని దూఱనేల? యోగికి నమస్కరింపవలదని నేననను. కాని యోగి కథ చెప్పి మేళము కథ విడుచుట చరిత్ర కానేరదు.

పదునాఱవ శతాబ్ది తొలినాళ్ళకు చెందినదిగా మాచుపల్లె కైఫీయతు చెప్పు కథయొకటి యున్నది. సిద్ధవటపు సీమలో సమ్మెట గురవరాజు ప్రజలను పీడించుచుండగా కూచిపూడివారు విజయనగరమునకు బోయి యా దుర్మార్గమును ప్రభువుముందు కేళికగా నాడి చూపిరట. ఇది యొక్క మహాపురుషుని కథ కాదు. ఊరూర తిరిగి, కండ్లార చూచి, నిర్భయముగా నాడిన నటసమూహము కథ. మన పాఠ్యపుస్తకములలో దీనికి చోటేది?

వెంకటరామయ్యగారు 1860లో జన్మించి 1949లో గతించిరి. ఆయన యౌవనకాలమున ధార్వాడ నాటకములవారి తెరలు, పార్సీ మట్లు దేశమును ముంచెత్తినవి. ఇంగ్లీషు నేర్చినవారు వీథిభాగవతము మోటదని ముక్కు విఱిచిరి. అట్టి కాలమున ఆయన వెంకటరామ నాట్యమండలిని నిలిపి, ప్రహ్లాద, ఉషాపరిణయ, శశిరేఖాపరిణయాది యక్షగానములను తీర్చిదిద్దిరి. భామాకలాపమున రెండుమూడు పాత్రలే కథను మోయును. యక్షగానమున అట్లుకాదు. పాత్రకొక నటుడు, నటునికొక ప్రవేశదరువు. పాత్రధారి తానే పాడవలెను, తానే యాడవలెను, తానే వచనము పలుకవలెను. సూత్రధారుడు తాళము చేతబట్టి, నట్టువాంగము నడుపుచు, నడుమనడుమ పాత్రలను ప్రశ్నించుచు, నవ్వించుచు రాత్రియంతయు నిలువుకాళ్లపై నుండును. దివిటీపై గుగ్గిలపుపొడి చల్లగా గుప్పున లేచిన మంటలో రాక్షసపాత్ర తెర వెడలుచుండగా తల్లుల యొడిలో నిద్రించు బిడ్డలు ఉలికిపడి లేచెడివారు. ఐరోపావారు బ్యాలే యనుదానిలో నటులు నోరు మెదపరు. మావారు మూడు పనులు నొక్కసారి చేసిరి.

ఆయన వెనుక మండలిని నడిపిన చింతా కృష్ణమూర్తిగారికి 1968లో సంగీత నాటక అకాడమి పురస్కారము వచ్చినది. మఱుసటి యేటనే వారు పోయిరి. ఇంతలో మదరాసున వెంపటి చినసత్యముగారు 1963లో అకాడమి స్థాపించి, స్త్రీలను చేర్చుకొని, నృత్యరూపకములు కూర్చిరి. వారి ప్రతిభకు లోటు చెప్పువాడను కాను. వారును ఈ మట్టిలో పుట్టినవారే. కాని బృందనాట్యము వారితోనే మొదలయినదని తలచుట పొరపాటు. పళ్ళెముపై నిలిచి యొక్కతె యాడు తరంగమే కూచిపూడియని తలచుట మఱింత పొరపాటు.

అయితే మండలిని పొగడుటతో నా పని తీఱదు. అందు నటులందఱును బ్రాహ్మణ పురుషులు. ఉషవేషమున వేదాంతం సత్యనారాయణశర్మగారు దేశమును మురిపించిరి. 1961లోనే అకాడమి వారిని సత్కరించినది. తగిన సత్కారమే. కాని యిదే భామాకలాపమును గోదావరీ కృష్ణా మండలములలో కలవంతుల స్త్రీలును ఆడిరే, వారికేమి దక్కినది? పురుషుడు స్త్రీగా నాడిన చేతులు జోడించితిమి; స్త్రీ స్త్రీగా నాడిన కులటయంటిమి. వీరేశలింగము పంతులుగారు మేజువాణులను ఖండించుట న్యాయము. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీ సమర్పణమును నిషేధించుట మఱింత న్యాయము. బాలికల శరీరమునకు విడుదల కలిగినది. వారి తల్లుల విద్యకు మాత్రము శిక్ష పడినది. ఈ శిక్ష వేసినది చట్టమొక్కటే కాదు, సంస్కర్తలమని చెప్పుకొన్న మన పెద్దమనుష్యుల యేవగింపును. ఆ విద్యయే నేడు మన యాడపిల్లలు వేలు పోసి నేర్చుకొనగా సంస్కృతియనిపించుకొనుచున్నది!

కావున ఈ మేళముల చరిత్ర వ్రాయబూనువారు మొదట కూచిపూడి అగ్రహారమునకు బోయి పాత దరువుల ప్రతులను, వృద్ధనటుల మాటలను సేకరింపవలెను. అక్కడ ఆగరాదు. కలవంతుల యిండ్ల తలుపును తట్టవలెను. ముసలమ్మలు పాడుటకు సిగ్గుపడినచో, ఆ సిగ్గు ఎవరు నేర్పినదియో యదియు వ్రాసికొనవలెను. ఒక్క వీథిలోనే యడిగి వచ్చి వ్రాసిన పుస్తకమును నేను బడిలో చెప్పను.