తూటాల చిట్టా

వర్తకుని యింట చిట్టా తప్పిన ధనము పోవును. తుపాకిమందు తూచువాని యింట చిట్టా తప్పిన ప్రాణమే పోవచ్చును. ఈ భేదమును గుర్తించినగాని, నేడు అమెరికా దేశమున అనేక గృహములలో కంప్యూటరుపై జరుగుచున్న యొక చిన్న లెక్క యొక్క గౌరవము మనకు బోధపడదు. కాల్చిన తూటాల ఖాళీ గుల్లలను పారవేయక తిరిగి నింపుకొను అలవాటు ఆ దేశమున చిరకాలమునుండి యున్నది. దానికి రీలోడింగు అని పేరు. ఆ పనికి కావలసిన సరకును, చేసిన పనిని నమోదు చేయుటకు ఇప్పుడు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరులు వెలసినవి. ఇది వేటకాండ్ర వినోదము, మనకేల యని మా పాఠకులలో కొందరు తలంపవచ్చును. మేమట్లు తలంపము. ప్రాణాపాయకరమైన వస్తువునకు లెక్క యెవరు వ్రాయవలెను, ఎట్లు వ్రాయవలెను, ఆ లెక్క యెవరి స్వాధీనమున నుండవలెను అను ప్రశ్న ఏ యొక్క దేశమునకో పరిమితమైనది కాదు.

ముందుగా ఆ పని స్వరూపమును తెలిసికొందము. తూటాలో నాలుగు భాగములు కలవు. ఇత్తడి గుల్ల, దాని యడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపలి మందు, మొనయందలి గుండు. తుపాకి ప్రేల్చినప్పుడు ప్రైమరును మందును కాలిపోవును, గుండు వెడలిపోవును, ఇత్తడి గుల్ల మాత్రము మిగులును. దానిని అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు దిగించి, మందు తూచి పోసి, కొత్త గుండు బిగించినచో మరల తూటా సిద్ధమగును. ఒక గుల్ల ఇట్లు పలుమార్లు పనికివచ్చును. పిమ్మట మెడ చీలియో, అడుగుభాగము పలుచబడియో పారవేయవలసినదగును.

మందును తూచుటకు వారు వాడు మానము గ్రెయిను. ఒక పౌనునకు 7,000 గ్రెయినులు. పిస్తోలు తూటాకు 5 గ్రెయినుల చొప్పున పోసినచో ఒక్క పౌను డబ్బాతో 1,400 తూటాలు నిండును. 5 గ్రెయినులనగా గ్రాములో మూడవ వంతైనను నిండదు. ఇంత స్వల్పమైన తూకములో పొరపాటు జరిగినచో కంటికి కనబడదు, చేతికి తెలియదు. పెక్కు పిస్తోలు గుల్లలలో రెండింతల మందు పోసినను పట్టును. అట్టి తూటాను ప్రేల్చినవాని చేతిలో తుపాకియే పగిలిపోవచ్చును. మందు పడక ప్రైమరొక్కటియే ప్రేలినచో గుండు తుపాకి గొట్టములో చిక్కుకొనును. అది యెరుగక మరియొక తూటా ప్రేల్చినచో గొట్టము బ్రద్దలగును. మందులలో శీఘ్రముగా కాలునవి కొన్ని, మెల్లగా కాలునవి కొన్ని. చూపునకు మాత్రము ఒకదానికొకటి అన్నదమ్ములవలె నుండును. అందుచేతనే పని చేయు బల్లపై ఒక్క డబ్బాకు మించి యుంచరాదని అనుభవజ్ఞులు నియమము పెట్టుకొనిరి.

కావున జాగ్రత్తగలవాడు విడత విడతకు ఒక పద్దు వ్రాయును. ఏనాడు నింపినది, ఎన్ని తూటాలు, ఏ గుల్ల, అది యెన్నవ మారు నిండుచున్నది, ఏ మందు, దాని లాటు సంఖ్య యెంత, ఎన్ని గ్రెయినులు, ఏ ప్రైమరు, గుండు బరువెంత, తూటా మొత్తము పొడవెంత అను సంగతులన్నియు నందుండును. పూర్వము ఈ పద్దులను నోటుపుస్తకములలోను, తూటాల పెట్టెలలో నుంచు చీటీలపైనను వ్రాసికొనుచుండిరి. ఆ తరువాత ఎక్సెల్ పట్టికలు వచ్చెను. ఈ పనికే యుద్దేశించిన సాఫ్ట్‌వేరులలో పద్దు వ్రాసినతోడనే నిల్వనుండి మందును, ప్రైమరులును, గుండ్లును ఆ మేరకు తగ్గును. తూటా యొక్కింటికి పడిన వెల తేలును. పెట్టెపై నంటించు చీటీ అచ్చగును. చిట్టాయు ఆవర్జాయు నిల్వ పుస్తకమును ఒక్క వ్రాతతో పూర్తియగుచున్నవి.

ఈ సాధనము ప్రయోజనమును మేము తక్కువ చేయము. ఒక లాటు మందు చెడినదని, దానిని వాడవలదని తయారీదారు ప్రకటించెననుకొందము. నోటుపుస్తకములు తిరుగవేయువాడు సాయంకాలము వరకు వెదకవలెను. సాఫ్ట్‌వేరు గలవాడు లాటు సంఖ్యను వేసి, ఆ మందు ఏ యే పెట్టెలలో చేరినదో నిమిషములో కనుగొనును. లాటు సంఖ్య యొక్క విలువ మన గురిగాండ్రకును తెలిసినదే. హైదరాబాదునుండి ఎదిగి 2012 లండను ఒలింపిక్సులో కాంస్యపతకము నందిన గగన్ నారంగ్ వంటివారు 50 మీటర్ల రైఫిలు పోటీలలో వాడు .22 తూటా తిరిగి నింపుటకు వీలైనది కాదు. దాని నిప్పుమందు గుల్ల యంచులోనే యుండును. అయినను ఆ పోటీలలో పాల్గొనువారు ఏ లాటు తూటా తమ తుపాకికి సరిపడునో పరీక్షించి, దానినే యేరుకొందురు. వ్రాసియుంచని పరీక్ష గాలిలో పోసిన నీరు.

సరకు లెక్కకును ప్రాణరక్షణకును సంబంధము కలదు. 2020, 2021 సంవత్సరములలో అమెరికాలో ప్రైమరులకు తీవ్రమైన కరవు వచ్చెను. కోవిడ్ కాలమున తుపాకుల కొనుగోళ్లు హెచ్చెను. కర్మాగారములలో తయారైన ప్రైమరులు తూటాల తయారీకే మొదట పోయెను. అంగళ్ల అరలు ఖాళీ యయ్యెను. తన నిల్వ యెంతయో, నెలకు ఖర్చెంతయో యెరిగినవాడు ఉన్నదానితో సర్దుకొనగలిగెను. లెక్క యెరుగనివానికి భయమే లెక్క యగును. దొరికినదెల్ల దొరికిన ధరకు కొని యిల్లు నింపును. ఆ నింపుటకును హద్దు కలదు. ఆ దేశపు జాతీయ అగ్నిరక్షణ సంఘము ఏర్పరచిన ప్రమాణముల ప్రకారము నివాసగృహమున పొగలేని మందు 20 పౌనులకు మించినచో, 50 పౌనుల వరకు, అంగుళము మందము గల కొయ్యపెట్టెలో నుంచవలెను. ప్రైమరులు 10,000కు మించరాదు. ఇల్లంటుకొన్ననాడు మంటలార్ప వచ్చువాడు లోపల నేమున్నదో చూచి రాడు. యజమానికే లెక్క తెలియనిచో అతనికి చెప్పువారెవ్వరు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మన యెరుకలోని సామెతయే. ఇచ్చట కాలునవి పరుల చేతులు.

ఇంతవరకు సాధనమును మెచ్చితిమి. ఇక దానినుండి ఆశింపరానిది చెప్పవలసియున్నది. సాఫ్ట్‌వేరు మందు తూచదు. తూచినట్లు మనము చెప్పిన మాటను నమ్మును. 4.5 గ్రెయినులని వ్రాయవలసినచోట అంకెలు తారుమారై 5.4 అని పడినచో అది తల యూపి స్వీకరించును. మందు అయిదవ వంతు హెచ్చినదని దానికి శంక కలుగకపోవచ్చును. ఆ తప్పుటంకె చక్కని చీటీగా అచ్చయి, ఆరు మాసముల తరువాత అదే మనుష్యునికి ప్రమాణమై కనబడును. చేవ్రాతలోని తప్పును చూచి అనుమానపడు కన్ను, అచ్చులోని తప్పునకు నమస్కరించును. మందు తయారుచేయువారు తమ ప్రయోగశాలలలో ఒత్తిడి కొలిచి ప్రకటించిన పట్టికయే ప్రమాణము. సాఫ్ట్‌వేరు జ్ఞాపకము మాత్రమే. జ్ఞాపకమును ప్రమాణముగా నెంచుట అపాయమునకు తొలి మెట్టు.

కాబట్టి చిట్టా యంత్రముపై నున్నను, మన పాతకాలపు గుమాస్తాలు పాటించిన కట్టుబాట్లు దానికి తప్పవు. ఏనాటి పద్దు ఆనాడే వ్రాయవలెను. మందు తూచిన బల్లనుండి లేవకమునుపే వ్రాయవలెను. వ్రాసిన పద్దును గీకివేయరాదు. తప్పు జరిగినచో దానిని కొట్టివేసి, క్రింద సరియైనది వ్రాసి, తేదీ వేయవలెను. నేటి సాఫ్ట్‌వేరులలో ఒక మీట నొక్కినంతనే పాత యంకె జాడలేక మాయమగుట సులభము. అట్టి సౌకర్యము చిట్టాకు శత్రువు. నెలకొకమారైనను డబ్బాను త్రాసుపై నుంచి నిల్వ సరిచూడవలెను. తెరపై మూడు పౌనులని చూపుచుండగా డబ్బాలో రెండున్నర యుండినచో, ఆ తక్కువైన యర పౌను ఏ తూటాలలోనికి పోయినదో తేలువరకు వానిని ప్రేల్చరాదు. అనగా లెక్కలోని తేడా ధననష్టమును మాత్రమే తెలుపదు. ఎక్కడనో యొక తూటాలో మందు హెచ్చియుండవచ్చునని ముందుగా హెచ్చరించును. ఎన్ని యంత్రములున్నను ప్రతి పెట్టెలోను కాగితపు చీటీ యుండవలెను. ఫోను పోవును, కంప్యూటరు చెడును. పెట్టె యెవని చేతికి చిక్కినను అందేమున్నదో ఆ పెట్టెయే చెప్పవలెను.

లెక్క యెవరి స్వాధీనమున నుండవలెనను ప్రశ్న మిగిలినది. ఒకని యింట ఎంత మందు, ఎన్ని తూటాలు, ఏ గదిలో నున్నవో తెలుపు పట్టిక దొంగచేత పడినచో దారి చూపు దీపమగును. దానిని ఎవరిదో కంప్యూటరులో, ఎవరి దయాధర్మముననో యుంచుట వివేకము కాదు. కంపెనీ మూతపడిన నాడు ఇరువదియేండ్ల పద్దులు దానితో మునిగిపోరాదు. పద్దులన్నియు యజమాని కంప్యూటరులోనే యుండి, కోరినప్పుడు సాధారణమైన పట్టికగా వెలికి తీసికొనుటకు వీలుండవలెను. ఇట్టి సాధనములను నిర్మించు వృత్తిలో మన తెలుగు యువకులు స్వదేశమునను విదేశములలోను విరివిగా నున్నారు. తూటాల లెక్కయే కానక్కరలేదు. మందుల యంగడి లెక్కగాని, గనులలో వాడు ప్రేలుడు పదార్థముల లెక్కగాని వారిచేతికి రావచ్చును. చెరిపినను జాడ మిగులు చిట్టాను నిర్మింపుడని వారిని మేము కోరుచున్నాము.

లెక్క యనగనే సంకెలయని భయపడువారు అమెరికాలో పెక్కుమంది కలరు. నేడు వ్రాసిన పట్టిక రేపు ప్రభుత్వము చేతిలో జప్తునకు ఆధారమగునని వారి శంక. 1968 నాటి చట్టము తూటాలు కొనువారి వివరములు వ్రాయుమని వర్తకులను నిర్బంధించెను. 1986 నాటి చట్టము ఆ నిర్బంధమును చాలవరకు తొలగించెను. తన వాడుకకై తూటాలు నింపుకొనువానికి ఆ దేశపు కేంద్రచట్టము ప్రకారము లైసెన్సు అక్కరలేదు. విక్రయమునకు చేయువానికి కావలెను. మన దేశమున పద్ధతి వేరు. 1959 ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారుచేయుట నేరము. లైసెన్సుదారు కొనదగిన తూటాల సంఖ్యయు లైసెన్సుపైననే యుండును. అచ్చట లెక్క స్వేచ్ఛపై నాధారపడినది, ఇచ్చట శాసనముపై. ప్రభుత్వపు చేతి పట్టికను శంకించు హక్కు ప్రజలకు లేదని మేమనము. పరపాలనలో 1878 ఆయుధచట్టము క్రింద నలిగిన జాతికి ఆ మాట యనుట తగదు. కాని ప్రభుత్వమునకు చూపనొల్లని లెక్కను తనకు తానును వ్రాసికొననని పట్టుపట్టుట స్వాతంత్ర్యమనిపించుకొనదు. తన లెక్క తాను వ్రాసికొనువానికే, పరుల తనిఖీ నాకక్కరలేదని చెప్పు నోరుండును.

ఈ ధర్మమునకు మన మన్యమునందే యొక నిదర్శనమున్నది. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు తన యనుచరులతో చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసి, 11 తుపాకులను, 1,390 తూటాలను, 5 కత్తులను, 14 బాయొనెట్లను తీసికొనిపోయెను. పోవుటకు ముందు, తీసికొన్న వస్తువులను ఠాణా పుస్తకమున నమోదు చేసి, క్రింద తన సంతకముంచెను. ఆ ప్రభుత్వ శాసనమునే ధిక్కరించినవానిని లెక్క వ్రాయుమని నిర్బంధించిన చట్టమేది? తనిఖీకి వచ్చు నధికారి యెవడు? ఆయుధము చేపట్టినవాడు దాని లెక్కకు తానే జవాబుదారి యను ధర్మము తప్ప వేరొక కారణము మాకు కనబడదు. తూటాకు తూటా లెక్కించి సంతకము పెట్టిన ఆ చేతికి సాఫ్ట్‌వేరు లేదు, సంకల్పముండెను.

తుపాకి యున్న ప్రతి చోటను, అది గురిగాండ్ర సంఘమైనను, పోలీసు ఆయుధాగారమైనను, లైసెన్సుదారు గృహమైనను, ఈ సంకల్పమునకు తోడు మంచి సాఫ్ట్‌వేరు చేరవలెనని మా యభిప్రాయము. సాధనమున్న చోట సంకల్పము లేకున్నచో అందమైన యబద్ధములు అచ్చగును. సంకల్పమున్న చోట సాధనము లేకున్నచో పని మందగించును గాని ప్రాణము నిలుచును. రెండును కలిసిననాడు, ఒక్క గుల్లలో హెచ్చిన రెండు గ్రెయినుల మందు కూడ ఎవని కన్నును పొడువకమునుపే చిట్టాలో పట్టుబడును.