జ్వరం సంగతి ఎంతమందికి తెలియాలి?

ఉద్యోగి జబ్బుపడి సెలవు పెడితే యజమానికి నిజంగా తెలియవలసిన సంగతులు మూడే. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనికి రాడు, సెలవు రాసిచ్చిన వైద్యుడు అసలు వైద్యుడేనా, తిరిగి వచ్చాక పనిలో ఏమైనా జాగ్రత్తలు అవసరమా. జబ్బు పేరు ఈ మూడింటిలో లేదు. కానీ మస్కట్ లోనైనా, హైదరాబాదులోనైనా మనం నింపే సెలవు దరఖాస్తుల్లో తరచుగా కనిపించే గడి "అనారోగ్య కారణం". ఈసారి ఆ గడి గురించే రాయాలనుకున్నాను. చూడడానికి చిన్న విషయంలా ఉంటుంది గాని, తాత్కాలిక ఒప్పందాల మీద పనిచేసేవాళ్ళకి ఇది తిండికి సంబంధించిన విషయం.

ఒమాన్ లో మనవాళ్ళు రకరకాల పనుల్లో ఉన్నారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి కట్టడపు పనుల్లో, డ్రైవర్లుగా, ఆఫీసులు శుభ్రం చేసే పనుల్లో ఉన్నవాళ్ళు కొందరు. నాలాగా కంప్యూటర్లతో పొట్టపోసుకునేవాళ్ళు ఇంకొందరు. జీతాల్లో ఎంత తేడా ఉన్నా వీళ్ళలో చాలామందికి ఒక పోలిక ఉంది. జీతం ఇచ్చేది ఒక సంస్థ, పని చేయించుకునేది ఇంకొక సంస్థ. మనుషుల్ని సరఫరా చేసే సంస్థకి, వాడుకునే సంస్థకి మధ్య ఒక ఒప్పందం ఉంటుంది. మనిషి వచ్చిన రోజుకి ఇంత అని లెక్క. రాని రోజుకి డబ్బు రాదు. అంటే మనకి జ్వరం వస్తే సరఫరాదారుకి రెండు వైపులా నష్టం: చట్టం ప్రకారం మనకి జీతం ఇవ్వాలి, అవతలివాడు మాత్రం బిల్లు కట్టడు. ఇక "వాడి బదులు ఇంకొకణ్ణి పంపండి" అని పని చేయించుకునే సంస్థ ఒక్క ఈమెయిలు పంపితే చాలు.

ఇలాంటి ఏర్పాటులో జబ్బు వార్త ఎంత దూరం వెళ్తుందో చూడండి. వైద్యుడి చీటీని ఫోనుతో ఫొటో తీసి సూపర్వైజరుకి వాట్సాప్ లో పంపుతారు. ఆయన దాన్ని పని చేయించుకునే సంస్థలోని మేనేజరుకి పంపుతాడు, అక్కడి నుంచి సరఫరాదారు ఆఫీసుకి, అక్కడి నుంచి జీతాల లెక్కలు చూసే గుమాస్తాకి. మధ్యలో ఎవరో ఒకరు పొరపాటునో, తొందరలోనో మొత్తం బృందానికి పంపేస్తారు. సాయంత్రానికి ఆ చీటీ ఎన్ని ఫోన్లలో ఉందో ఎవరూ చెప్పలేరు. కాగితం చీటీ అయితే ఒక ఫైల్లో పడి ఉండేది. ఫొటోకి ఆ హద్దు లేదు.

ముందు హక్కుల సంగతి చూద్దాం. ఒమాన్ లో 2003 నాటి కార్మిక చట్టం స్థానంలో 2023 జూలైలో కొత్త చట్టం (రాజశాసనం 53/2023) వచ్చింది. పాత చట్టంలో జబ్బు సెలవు ఏడాదికి పది వారాలు. మొదటి రెండు వారాలు పూర్తి జీతం, తరువాతి రెండు వారాలు ముప్పావు, ఆ తరువాతి రెండు సగం, మిగిలిన నాలుగు పావు. కొత్త చట్టం దీన్ని 182 రోజులకి పెంచింది. మొదటి 21 రోజులు పూర్తి జీతం, 22 నుంచి 35 వరకు 75 శాతం, 36 నుంచి 70 వరకు 50 శాతం, 71 నుంచి 182 వరకు 35 శాతం.

ఒక లెక్క వేసి చూద్దాం. నెలకి 120 రియాళ్ళు, అంటే రోజుకి 4 రియాళ్ళు వచ్చే మనిషి 40 రోజులు మంచాన పడ్డాడనుకోండి. పాత చట్టం ప్రకారం అతనికి 56, 42, 24 కలిపి 122 రియాళ్ళు వచ్చేవి. కొత్త చట్టం ప్రకారం 84, 42, 10 కలిపి 136 వస్తాయి. పెద్ద తేడా కాదనిపించవచ్చు. కానీ 70 రోజులు దాటిన జబ్బుకి పాత చట్టంలో ఏమీ లేదు, కొత్తదానిలో ఉంది. క్షయకో, వెన్నెముక దెబ్బకో, కాన్సరుకో చికిత్స చేయించుకుంటున్నవాడికి ఆ తేడా చిన్నది కాదు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. సెలవు ఎంత పొడుగైతే జబ్బు గురించిన ఆరాలు అంత ఎక్కువవుతాయి. మూడు రోజుల జ్వరానికి ఎవరూ ఏమీ అడగరు. మూడు నెలల సెలవంటే అందరూ అడుగుతారు. పైగా గల్ఫ్ లో పనిచేసేవాడి జబ్బు వాడి వీసాతో ముడిపడి ఉంటుంది. ఇక్కడికి రాకముందే మన ఊళ్ళ దగ్గర గుర్తింపు పొందిన కేంద్రాల్లో క్షయ, హెచ్ఐవి, కామెర్ల పరీక్షలు చేయించుకుని వస్తాం. ఆ భయం మనసులో ఉండిపోతుంది. అంచేత మామూలు దగ్గు గురించి చెప్పడానికి కూడా మనవాళ్ళు జంకుతారు. కొందరు సెలవు పెట్టకుండా నొప్పి మాత్రలు మింగి పనికి వెళ్తారు. హక్కు పుస్తకంలో ఉంటుంది, దాన్ని వాడుకుంటే రహస్యం బయటపడుతుంది. అలాంటప్పుడు హక్కు ఉన్నా లేనట్టే.

మరి రహస్యానికి చట్టం లేదా? ఉంది. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఒమాన్ 2022 లో చేసింది (రాజశాసనం 6/2022). అది 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. దాని నియమావళి 2024 లో వెలువడింది. ఆ చట్టం అయిదవ అధికరణం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేకంగా పేర్కొని, రవాణా, సమాచార, సాంకేతిక మంత్రిత్వశాఖ అనుమతి లేకుండా దాన్ని వాడకూడదంటుంది. తన సమాచారం ఎవరి దగ్గర ఉందో ఆ సంస్థ నుంచి నకలు అడగడానికి, తప్పుంటే దిద్దించడానికి, తుడిపించడానికి మనిషికి హక్కు ఇస్తుంది. అందులో కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. సదరు వ్యక్తి తానే ఒక పక్షంగా ఉన్న ఒప్పందాన్ని అమలుచేయడానికి అవసరమైన సమాచారం వాటిలో ఒకటి.

జబ్బు సెలవు ఉద్యోగ ఒప్పందంలో భాగమే కదా, కాబట్టి మాకు అన్నీ అడిగే హక్కు ఉంది అని సంస్థలు ఈ మినహాయింపుని చూపించవచ్చు. నా ఉద్దేశంలో ఆ వాదన సగమే నిలుస్తుంది. ఉద్యోగ ఒప్పందం నాకూ, నాకు జీతమిచ్చే సంస్థకీ మధ్య ఉన్నది. నన్ను అద్దెకి తెచ్చుకున్న సంస్థకి నాతో ఏ ఒప్పందమూ లేదు. దాని ఒప్పందం సరఫరాదారుతో. ఆ ఒప్పందంలో నేను పక్షాన్ని కాదు, అందులోని సరుకుని. అలాంటప్పుడు నా వైద్యుడి చీటీ ఆ రెండో సంస్థ మేనేజరు ఫోన్లోకి ఏ దారిన వెళ్ళినట్టు?

నా వృత్తిలో ఇలాంటి సెలవు వ్యవస్థలు కొన్ని తయారుచేశాను. ఒక సంస్థ ఇచ్చిన పత్రంలో "జబ్బు స్వభావం" అనే గడి తప్పనిసరి అని ఉంది. అది నింపకపోతే దరఖాస్తు ముందుకి కదలదు. ఎందుకని అడిగితే "ఎప్పుడూ అలాగే ఉంది" అన్నారు. ఆ గడిని ఎవరెవరు చూడగలరని అడిగితే ఆమోదించే దారిలో ఉన్న అందరూ అన్నారు. లెక్కపెడితే తొమ్మిదిమంది. వాళ్ళలో ఇద్దరు అసలు ఆ సంస్థ ఉద్యోగులే కాదు. ఆ గడిలోని సమాచారాన్ని తరువాత ఏ నివేదికలోనూ, ఏ లెక్కలోనూ వాడడం లేదని కూడా తేలింది. జీతం కోతకి కావలసింది రోజుల సంఖ్య మాత్రమే. ఎందుకూ పనికిరాని సమాచారాన్ని తొమ్మిదిమందికి చూపించడం కోసం ఒక గడి!

అలాంటి గడి వల్ల ఏమవుతుందో తెలుసుకోవడానికి నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడి మాట చాలు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళి పది రోజులు సెలవు పెట్టాడు. తిరిగి వచ్చేసరికి సంగతి అందరికీ తెలుసు. "అన్నా, ఎవ్వరూ ఏమనలే. కానీ నాకు మెషిన్ పని ఇయ్యడం బంద్ చేసిన్రు" అన్నాడు. ఒప్పందం ముగిశాక పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. తీసేస్తే ప్రశ్న వస్తుంది గాని, పొడిగించకపోతే రాదు. తాత్కాలిక ఉద్యోగికి అసలు ప్రమాదం ఇక్కడుంది.

ఇది గల్ఫ్ దేశాల జబ్బు మాత్రమే అనుకోకండి. జర్మనీలో హెచ్ అండ్ ఎం అనే బట్టల సంస్థకి న్యూరెంబర్గ్ లో ఒక సేవాకేంద్రం ఉంది. సెలవు నుంచి, జబ్బు నుంచి తిరిగి వచ్చిన ఉద్యోగులతో అక్కడి పై అధికారులు "స్వాగత సంభాషణలు" జరిపేవారు. ఆ మాటల్లో బయటపడిన జబ్బు లక్షణాలు, రోగ నిర్ధారణలు ఒక కంప్యూటర్లో రాసిపెట్టారు. వాటిని యాభైమంది దాకా మేనేజర్లు చదవగలిగేవారు. 2019 అక్టోబరులో అమరికలో జరిగిన తప్పు వల్ల ఆ ఫైళ్ళు కొన్ని గంటలపాటు సంస్థలో అందరికీ కనిపించాయి. అప్పుడే గుట్టు రట్టయింది. 2020 అక్టోబరులో హాంబర్గ్ లోని సమాచార రక్షణ అధికారి 3 కోట్ల 53 లక్షల యూరోల జరిమానా విధించారు. ఆ తప్పు జరగకపోతే ఆ రాతలు ఎంతకాలం సాగేవో!

అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద ఒక మంచి నియమం ఉంది. వైద్యుడి ధ్రువపత్రం మీద అనుమానముంటే యజమాని తరఫున మానవ వనరుల అధికారి లాంటివారు వైద్యుణ్ణి సంప్రదించవచ్చు. కానీ ఉద్యోగి మీద నేరుగా అజమాయిషీ చేసే అధికారి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంప్రదించకూడదు. మన పని తీరుని తూచేవాడికి మన జబ్బు తెలియకూడదన్నది అందులోని సూత్రం. ఇది ఏ దేశంలోనైనా అమలుచేయవచ్చు, ఖర్చు కూడా లేదు.

మన దేశం సంగతి కూడా చెప్పుకోవాలి. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తీర్పు ఇచ్చింది. 2023 లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశాం. కానీ అందులో ఆరోగ్య సమాచారానికి ప్రత్యేక స్థానం లేదు. పైగా ఉద్యోగ అవసరాల కోసమైతే ఉద్యోగి సమ్మతి లేకుండానే సమాచారం వాడుకోవచ్చని ఏడవ సెక్షను చెబుతుంది. ఈ ఒక్క విషయంలో కాగితం మీద ఒమాన్ చట్టమే గట్టిగా ఉంది.

యజమానుల బాధ కూడా ఉత్తిది కాదు. డబ్బిచ్చి దొంగ చీటీలు తెచ్చేవాళ్ళు ఉన్నారు. ఒకరి దొంగ సెలవు భారం పక్కవాడి మీద పడుతుంది. అంటువ్యాధి ఉన్నవాణ్ణి వంటశాలలో, కళ్ళు తిరిగేవాణ్ణి క్రేను మీద ఉంచలేరు. నిజమే. కానీ చీటీ అసలైనదా కాదా అని తేల్చుకోవడానికి జబ్బు పేరు అక్కరలేదు. ఆసుపత్రి ఇచ్చే సంఖ్యో, స్కాన్ చేసే గుర్తో ఉంటే అవును, కాదు అన్న జవాబు వస్తుంది. బ్యాంకు ఏటీఎం మన రహస్య సంఖ్య సరైనదా కాదా అని మాత్రమే చెబుతుంది గాని, సంఖ్యని పక్కవాడికి చదివి వినిపించదు కదా. క్రేను సంగతికైనా "రెండు నెలలు ఎత్తు మీద పని వద్దు" అని వైద్యుడు రాస్తే చాలు. ఎందుకు వద్దో ఆయనకీ, రోగికీ తెలిస్తే సరిపోతుంది.

ఈ వ్యవస్థలు రాసేవాళ్ళలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళకి నా మనవి ఇది. జబ్బు పేరు గడి తీసేయమని సూచించండి. ఒప్పుకోకపోతే తప్పనిసరి కాకుండా చేయండి. జతచేసిన చీటీని జీతమిచ్చే సంస్థలో ఒకరిద్దరు తప్ప ఎవరూ తెరవలేకుండా చూడండి. ఎవరు తెరిచారో, ఎప్పుడు తెరిచారో నమోదయ్యేలా చేయండి. పని చేయించుకునే సంస్థకి తేదీలు మాత్రమే వెళ్ళాలి. గడువు దాటిన చీటీలు వాటంతటవే చెరిగిపోవాలి. ఇందులో కష్టమైన సాంకేతికత ఏమీ లేదు, రెండు మూడు రోజుల పని.

సెలవు పెట్టేవాళ్ళు కూడా రెండు పనులు చేయవచ్చు. ధ్రువపత్రంలో తేదీలు, విశ్రాంతి అవసరం అన్న మాట మాత్రమే రాయమని వైద్యుణ్ణి ముందే అడగండి. చీటీని బృందానికి కాక జీతమిచ్చే ఆఫీసుకి మాత్రమే ఈమెయిల్లో పంపి, నకలు దగ్గర ఉంచుకోండి. సూపర్వైజరుకి "ఫలానా తేదీ దాకా సెలవు, చీటీ ఆఫీసుకి పంపాను" అని చెబితే చాలు. "ఏమైందిరా?" అని ఆయన ఆప్యాయంగానే అడగవచ్చు. చెప్పాలనిపిస్తే చెప్పండి. అది మీ ఇష్టం మీద చెప్పేదిగా ఉండాలి గాని, దరఖాస్తు కదలాలంటే చెప్పక తప్పనిదిగా ఉండకూడదు.