‘ఖూన్’ ఒక్కటే వారసత్వమా?

పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే ఇళ్లలో మొదట వినబడే మాట ఖాందాన్. బిడ్డ మొండికేస్తే మేనమామల రక్తమంటారు, చదువులో రాణిస్తే తాతగారి రక్తమంటారు. (మంచి గుణమంతా తండ్రి వైపు నుండి, చెడ్డదంతా తల్లి వైపు నుండి రావడంలోని మర్మమేమిటో మాకు నేటికీ బోధపడలేదు.) చదువుకున్నవారు రక్తమనే చోట జన్యువు అంటున్నారు. మాట మారింది గాని తీర్పు మారలేదు. సంతానానికి సంక్రమించేవి జన్యువులు మాత్రమే కావని చూపే ఆధారాలను ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము.

1944 సెప్టెంబరులో నెదర్లాండ్స్ రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దేశాన్ని ఆక్రమించి ఉన్న జర్మన్లు ప్రతీకారంగా పశ్చిమ ప్రాంత నగరాలకు ఆహార రవాణాను అడ్డుకున్నారు. ఆ చలికాలంలో ఆమ్‌స్టర్‌డామ్‌లో పెద్దలకు లభించిన రోజువారీ రేషను వెయ్యి కేలరీలకంటే దిగువకు పడిపోయింది. 1945 మే నెలలో విముక్తి లభించేనాటికి సుమారు 20,000 మంది మరణించారు. ఆ కరువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో స్పష్టంగా తెలుసు. అందువల్ల ఆనాడు గర్భంలో ఉన్న శిశువులను పరిశోధకులు దశాబ్దాల తరబడి పరిశీలించగలిగారు. గర్భపు తొలి నెలల్లో ఆకలికి గురైనవారిలో పెద్దయ్యాక స్థూలకాయం, గుండెజబ్బులు అధికంగా కనిపించాయి. 2008లో వెలువడిన ఒక పరిశోధన అటువంటివారిని, కరువు తాకని వారి సొంత తోబుట్టువులతో పోల్చింది. పెరుగుదలకు తోడ్పడే ఐజీఎఫ్-2 అనే జన్యువుపై ఉండే మిథైల్ గుర్తులు ఆరు దశాబ్దాల తరువాత కూడా వారిలో తక్కువగా ఉన్నాయి. జన్యువులోని అక్షరాలు మారలేదు. వాటిని ఎంతమేరకు చదవాలో తెలిపే గుర్తులు మారాయి. ఈ ప్రభావం మనుమల వరకు పాకుతుందా అన్న వాదం ఇంకా తెగలేదు.

ఆ తల్లులు ఏ తప్పూ చేయలేదు. వారి పళ్లాన్ని ఖాళీ చేసినవారు వేరు. మన ఇళ్లలోనూ అందరూ తిని లేచాక మిగిలినదానితో సరిపెట్టుకునే గర్భవతులు ఉన్నారు. బిడ్డ బలహీనంగా పుడితే కోడలి ఖాందానును తప్పుపట్టే అత్తగారు, ఆ తొమ్మిది నెలలూ ఆమె దస్తర్‌ఖాన్ వద్ద ఎన్నడు కూర్చున్నదో ముందుగా లెక్కచూసుకోవాలి.

ఆచారం జన్యువునే మలచిన సందర్భమూ ఉన్నది. తల్లిపాలు మానిన తరువాత పాలను జీర్ణించుకునే శక్తి సాధారణంగా సన్నగిల్లుతుంది. పశుపోషణ సాగిన ఉత్తర యూరప్, తూర్పు ఆఫ్రికా ప్రజల్లో మాత్రం అది పెద్దయ్యాక కూడా నిలిచే జన్యు మార్పు వ్యాపించింది. పాడి ముందు వచ్చింది, జన్యు మార్పు తరువాత వ్యాపించింది. పాడిని నేర్పినది జన్యువు కాదు, ఇంటి పెద్దలు. ఎవా జబ్లోంకా, మేరియన్ లాంబ్ తమ 2005 నాటి గ్రంథంలో జన్యువులతోపాటు వాటిపై గుర్తులను, నడవడిని, భాషాసంకేతాలను కూడా వారసత్వ మార్గాలుగా లెక్కించినది ఇందుకే.

యతీము బిడ్డను ఇంటికి తెచ్చుకోవడానికి జంకేవారు “ఎవరి రక్తమో!” అంటారు. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం ఎలుకలను పరిశీలించింది. కొన్ని తల్లులు పిల్లలను ఎక్కువగా నాకుతాయి, కొన్ని తక్కువగా నాకుతాయి. ఎక్కువ లాలన పొందిన పిల్లలకు పెద్దయ్యాక బెదురు తక్కువ. ఇది రక్తగుణమేనేమోనని పరిశోధకులు పిల్లలను తల్లుల మధ్య మార్చి పెంచారు. లాలించని తల్లికి పుట్టి, లాలించే తల్లి వద్ద పెరిగిన ఆడపిల్ల, తాను తల్లి అయినప్పుడు తన పిల్లలను పెంచిన తల్లి వలెనే లాలించింది. మనుషులు ఎలుకలు కారు, నిజమే. అయినా “ఎవరి రక్తమో” అని అడిగేవారు, ఎవరి ఒడిలో పెరుగుతున్నదో కూడా అడగవలసి ఉన్నది.