హోటల్ కిటికీలోంచి కనిపించని దుబాయి

అపొస్తలుడైన పౌలు ఏథెన్సుకు పని పెట్టుకుని వెళ్లలేదు. బెరయలో గొడవ రేగితే సహోదరులు ఆయన్ను అక్కడికి చేర్చారు. సీల, తిమోతి వచ్చేదాకా ఎదురు చూడాలి, అంతే! ఊరు కొత్త, చేతినిండా తీరిక. అయినా ఆయన ఒక గదిలో పడుకోలేదు. వీధులన్నీ తిరిగాడు, వాళ్లు పూజించేవాటిని పరిశీలించాడు, ఒక బలిపీఠం మీద రాసిన మాటను కూడా ఆగి చదివాడు. సంతవీధిలో ఎదురైనవాళ్లతో రోజూ మాట్లాడాడు (అపొ.కా. 17:16-23). తర్వాత అరేయొపగులో ఆయన చేసిన గొప్ప ప్రసంగం ఆ కాలినడకలోంచే పుట్టింది.

ఇప్పుడు మన సంఘాల్లోంచి కూడా చాలామంది పని మీద విదేశాలకు వెళ్లొస్తున్నారు. వాటిలో దగ్గరి ఊళ్లలో ఒకటి దుబాయి. హైదరాబాద్‌లో విమానమెక్కితే దాదాపు నాలుగు గంటల్లో అక్కడుంటాం. గల్ఫుడ్, జైటెక్స్ వంటి ప్రదర్శనలకో, బియ్యం, మిర్చి బేరాలకో, కంపెనీ మీటింగులకో వెళ్తారు. మూడు రోజులు ఉంటారు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా ముందు ఫొటో దిగి, ఖర్జూరం ప్యాకెట్లతో తిరిగొస్తారు. తర్వాతి ఆదివారం ‘దేవుడు నా ప్రయాణాన్ని ఆశీర్వదించాడు’ అని సాక్ష్యం. సంతోషమే! కానీ ఆ సాక్ష్యంలో ఊరు ఉండదు. ఏసీ విమానాశ్రయం, ఏసీ కారు, ఏసీ హోటలు, ఏసీ హాలు... ఇదంతా చూసి దుబాయిని చూశామంటే ఎలా నమ్మడం?

దుబాయి కనబడాలంటే క్రీక్ దగ్గరికి వెళ్లాలి. సముద్రం పాయలా ఊళ్లోకి చొచ్చుకొచ్చిన ఆ నీటికి ఒక ఒడ్డున దేరా, మరో ఒడ్డున బర్ దుబాయి. అబ్రా అనే చెక్క పడవలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరడానికి చాలా ఏళ్లుగా టికెట్టు ఒక్క దిర్హమే. దేరా వైపు దిగితే మసాలా దినుసుల బజారు, దాని వెనుక బంగారం బజారు. అయితే నేను చెప్పేది బజార్ల గురించి కాదు, పడవలో మన పక్కన కూర్చున్న మనిషి గురించి. ఆ ఊళ్లో నివసించేవాళ్లలో పదింట తొమ్మిదిమంది బయటి దేశాలవాళ్లే. మలయాళీ, పఠాన్, బెంగాలీ, ఫిలిప్పీన్స్ అమ్మాయి, వాళ్ల మధ్య జగిత్యాల అన్న. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి పనికి వెళ్లినవాళ్లు, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లిన అక్కచెల్లెళ్లు గల్ఫ్ అంతటా ఉన్నారు. ఏజెంటుకు కట్టడానికి తెచ్చిన అప్పు తీరడానికే ఏళ్లు పట్టినవాళ్లు వాళ్లలో ఎందరో! అల్ కూజ్‌లోనో, మనవాళ్లు సోనాపూర్ అని పిలుచుకునే చోటో క్యాంపుల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. సోనాపూర్ అంటే బంగారు ఊరు. ఆ పేరులోని వెక్కిరింత అక్కడ ఉన్నవాళ్లకు బాగా తెలుసు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. అలాంటి చట్టం అవసరమైందంటేనే ఆ ఎండ ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు.

యోనా కూడా పని మీదే పరాయి ఊరు వెళ్లాడు. నీనెవెలో అప్పగించిన ప్రకటన చేశాడు, ఊరి వెలుపలికి వచ్చి నీడలో కూర్చున్నాడు. సొరచెట్టు ఎండిపోతే ఆయనకు చచ్చేంత బాధ! కుడి ఎడమలు ఎరుగని లక్షా ఇరవై వేలకు పైగా జనం గురించి మాత్రం బాధ లేదు. ఆ లెక్క ఆయనకు దేవుడే చెప్పాల్సి వచ్చింది (యోనా 4:6-11). పని అయిపోయింది కదా అని నీడ చూసుకునే ప్రయాణికుడు ప్రతి తరంలోనూ ఉంటాడు. ఇప్పటి సొరచెట్టు హోటల్లో వైఫై. అది పోతే రిసెప్షన్‌లో పెద్ద రభసే!

‘వెళ్లింది వ్యాపారానికి, తీరికెక్కడిది?’ అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కంపెనీ ఖర్చుతో వెళ్లి కంపెనీ పని ఎగ్గొట్టడం భక్తి అనిపించుకోదు. కానీ లూదియ సంగతేమిటి? తుయతైర నుంచి ఫిలిప్పీకి వచ్చి ఊదారంగు సరుకు అమ్ముకునే వ్యాపారి ఆమె. విశ్రాంతి దినాన నది ఒడ్డున ప్రార్థన జరిగే చోటికి వెళ్లడం వ్యాపారానికి అడ్డు కాలేదు, పైగా ఆమె ఇల్లే దైవసేవకులకు బసైంది (అపొ.కా. 16:13-15).

దుబాయిలో ప్రార్థన స్థలం వెతుక్కోవడం కష్టం కాదు. ఊద్ మేథాలో ఆంగ్లికన్ల హోలీ ట్రినిటీ చర్చి, దాని దగ్గరే క్యాథలిక్కుల సెయింట్ మేరీస్ ఉన్నాయి. జెబెల్ అలీలోనూ చర్చిలున్నాయి. పాలకులు స్థలమిస్తే కట్టుకున్న మందిరాలున్న దేశమది, ఈ మాట ఒప్పుకోవాలి. 2022 జనవరి దాకా వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు కావడంతో ముఖ్యమైన ఆరాధన శుక్రవారమే జరిగేది. ఆ తర్వాత సెలవు శని, ఆదివారాలకు మారింది, శుక్రవారం సగం పూట పని. అయినా శుక్రవారం కూడుకునే అలవాటు చాలా సంఘాల్లో పోలేదు. తెలుగు సహవాసాలూ ఉన్నాయి. అక్కడ కోటు వేసుకున్న మేనేజరు, నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చిన సెక్యూరిటీ గార్డు ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. మన ఊళ్లో వాళ్లిద్దరూ ఒకే చర్చిలో ఉంటారా అన్నది నా సందేహం, దాన్ని ఇక్కడ పొడిగించను.

ఒక జాగ్రత్త. వీధుల్లో కరపత్రాలు పంచడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పంచి పట్టుబడితే నష్టం మనకే కాదు, ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆరాధించుకుంటున్న స్థానిక విశ్వాసులకు కూడా. పరాయి రాజు కొలువులో నమ్మకంగా పనిచేసిన దానియేలు పద్ధతి అక్కడ నేర్చుకోవాలి.

రెండోది, ఎవరూ గుర్తుపట్టని ఊరు కొందరికి సెలవు చీటీలా కనిపిస్తుంది. దేరా బార్లలో తెలుగు మాటలు వినబడతాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. యోసేపును ఐగుప్తులో గమనించడానికి యాకోబు లేడు, అన్నలు లేరు, సంఘపెద్దలు లేరు. పోతీఫరు భార్యకు ఆయనిచ్చిన జవాబులో వాళ్లెవరి పేరూ లేదు, దేవుని పేరుంది (ఆది. 39:9).

మరి మూడు రోజుల్లో ఏం చేయగలం? ఒక సాయంత్రం చాలు. మెట్రోలో, టాక్సీలో క్యాంపు దగ్గరికి వెళ్లి, మన ఊరి తమ్ముడితో కలిసి భోంచేసి, వాళ్లమ్మ పంపిన పచ్చడి సీసా చేతికివ్వాలి. మందులు మాత్రం విచారించకుండా తీసుకెళ్లొద్దు, కొన్నిటి మీద అక్కడ కఠినమైన నియమాలున్నాయి. డబ్బు చేతిలో పెట్టి ఫొటో తీయనవసరం లేదు. తమ భాషలో ఎవరో వింటుంటే వాళ్లు అప్పు గురించి చెబుతారు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందో చెబుతారు, చూడని బిడ్డ గురించి చెబుతారు. విన్నదాన్ని తిరిగొచ్చాక ఆ ఇంటివాళ్లకు చేర్చే మనిషి కావాలి.

ఇందులో సంఘానికీ పనుంది. ఆదివారం ఎవరైనా లేచి ‘దుబాయి వెళ్తున్నానయ్యా, ప్రయాణం కోసం ప్రార్థించండి’ అంటే పాస్టరు గారు వెంటనే కళ్లు మూసుకోకూడదు. ‘ఆ ఊళ్లో మన సంఘం బిడ్డలెవరున్నారు?’ అని అడగాలి. వెనుక వరుసలోంచి ఒక తల్లి లేస్తుంది. ఆమె కొడుకు ఫోన్ నంబరు రాసుకున్నాకే ప్రార్థన మొదలుపెట్టాలి.