ప్రేక్షకులు లేకుండా జరిగే మ్యాచ్‌లకు సీజన్ టికెట్ సొమ్ము వాపసుపై సర్వసభ్య సమావేశ తీర్మానం

ఇంగ్లండ్‌లో నివసిస్తూ ఇక్కడి వివిధ ఫుట్‌బాల్ క్లబ్బులకు సీజన్ టికెట్లు కొనుక్కుంటున్న తెలుగువారి సంఘం సర్వసభ్య సమావేశం, సుదీర్ఘ చర్చ అనంతరం, ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

ప్రీమియర్ లీగ్‌లో ఒక్కో క్లబ్బు సీజన్‌కు 38 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో 19 సొంత మైదానంలో జరుగుతాయి. సీజన్ టికెట్ తీసుకున్న మనిషి ఆ 19 మ్యాచ్‌లకూ తన సీటు కోసం, ఒక్క మ్యాచ్ కూడా జరగకముందే, వేసవిలోనే డబ్బు కడతాడు. కొన్ని క్లబ్బులు కప్ మ్యాచ్‌లను కూడా ఇందులో కలుపుతాయి. ఒకేసారి కట్టలేనివారు నెలవారీ వాయిదాలకు ఒప్పుకుంటారు, దానికి కొన్నిచోట్ల వడ్డీ కూడా పడుతుంది. ఆటగాళ్ల అమ్మకాలు కొనుగోళ్లు జరిగే రోజుల్లో, గేటు రాబడి లేని నెలల్లో, క్లబ్బు చేతిలో ఆడేది ఈ సొమ్మే. కాబట్టి సీజన్ టికెట్‌దారు క్లబ్బుకు విరాళం ఇస్తున్నవాడు కాదు, ఇంకా అందని సేవకు ముందుగా చెల్లించినవాడు. ఈ తీర్మానంలో మేం అడుగుతున్న ప్రతిదీ ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంది.

కోవిడ్ మహమ్మారి కారణంగా 2020 మార్చి 13న ప్రీమియర్ లీగ్ ఆగిపోయింది. అప్పటికి మొత్తం 380 మ్యాచ్‌లలో 92 మిగిలి ఉన్నాయి. జూన్ 17న ఆస్టన్ విల్లా, షెఫీల్డ్ యునైటెడ్ మధ్య మ్యాచ్‌తో లీగ్ మళ్లీ మొదలై జూలై 26న ముగిసింది. ఆ మ్యాచ్‌లన్నీ ఖాళీ స్టాండ్ల మధ్యనే జరిగాయి. ప్రజారోగ్యం కోసం గేట్లు మూయడాన్ని ఈ సభ అప్పుడూ తప్పుపట్టలేదు, ఇప్పుడూ తప్పుపట్టడం లేదు. ఆ నెలల్లో ఆత్మీయులను పోగొట్టుకున్న కుటుంబాలు ఈ సంఘంలోనే ఉన్నాయి. గేట్లు మూయడం న్యాయమే. మూసిన గేటు వెనకాల మా సొమ్ము ఉండిపోవడం మాత్రం న్యాయం కాదు.

మ్యాచ్ రద్దు కాలేదు, జరిగింది, టీవీలో చూపించాం, కాబట్టి వాపసు ప్రశ్నే లేదు అన్న వాదన అప్పట్లో మా సభ్యులు కొందరికి ఎదురైంది. ఈ వాదనను సభ పూర్తిగా తిరస్కరిస్తోంది. మేం కొన్నది మైదానంలో సీటు. మ్యాచ్ జరగడం ఆటగాళ్లకు, లీగ్‌కు, ప్రసార సంస్థలకు సంబంధించిన విషయం. ఆ సీట్లో కూర్చోనివ్వకపోతే టికెట్‌దారుకు అందవలసింది అందనట్టే. బ్రిటన్‌లో పోటీని, మార్కెట్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ 2020 ఏప్రిల్ 30న విడుదల చేసిన ప్రకటన కూడా ఇదే మాట చెప్పింది. సంస్థ సేవను రద్దు చేసినప్పుడే కాదు, ప్రభుత్వ ఆరోగ్య ఆంక్షల వల్ల వినియోగదారు ఆ సేవను పొందలేకపోయినప్పుడు కూడా సొమ్ము వాపసు రావాలని అందులో ఉంది. టికెట్ షరతుల్లో ఏదో ఒక మూల చిన్న అక్షరాల్లో వేరే మాట రాసుకున్నంత మాత్రాన సరిపోదు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం అన్యాయమైన షరతు వినియోగదారును కట్టిపడేయదు.

ఎంత రావాలన్నది లెక్కకు అందని సంగతి కాదు. 600 పౌండ్లకు 19 మ్యాచ్‌ల టికెట్ కొన్నవారికి 5 మ్యాచ్‌లు మూసేస్తే 157 పౌండ్ల 89 పెన్నీలు వాపసు రావాలి. పిల్లల, వృద్ధుల రాయితీ టికెట్లకూ ఇదే దామాషా. ఇంటిల్లిపాదికీ టికెట్లు ఉన్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. పైగా 2020 వేసవిలో ఉద్యోగం పోయినవారికి, జీతం కోత పడినవారికి అది నెల సరుకుల డబ్బు.

ఇక్కడే ఈ సభ జర్మనీ అనుభవాన్ని ప్రస్తావించదలచింది. 2020 మేలో అక్కడి ప్రభుత్వం, మహమ్మారి వల్ల రద్దయిన కార్యక్రమాల నిర్వాహకులు నగదుకు బదులు వోచర్ ఇవ్వవచ్చని చట్టం చేసింది. 2021 చివరి వరకు వాడుకోని వోచర్‌కు నగదు అడిగే వీలుండేది. అంతకుముందే డబ్బు కావాలంటే వోచర్ తనకు ఎందుకు భారమో టికెట్‌దారే చెప్పుకోవలసి ఉండేది. ఆ వెసులుబాటుతో షాల్క 04 క్లబ్బు, వెంటనే డబ్బు కావాలన్న అభిమానులను తమ ఇబ్బందిని వివరిస్తూ దరఖాస్తు పెట్టుకోమంది. తీవ్ర నిరసన వచ్చాక క్షమాపణ చెప్పింది. బొగ్గు గనుల కార్మికుల ఊళ్లో పుట్టిన క్లబ్బు అది. తరతరాలుగా ఆ స్టాండ్లలో నిలబడ్డ మనిషి, తన సొమ్ము తనకు తిరిగి రావడానికి తన ఇంటి లేమిని కాగితం మీద రాసి ఇవ్వవలసి రావడం ఏ దేశంలోనూ మళ్లీ జరగకూడదని ఈ సభ గట్టిగా కోరుకుంటోంది.

క్లబ్బుల కష్టాన్ని మేం గుర్తించకుండా లేం. ప్రసార ఒప్పందాల మీద బతికే పెద్ద క్లబ్బుల సంగతి వేరు, గేటు రాబడే ఊపిరిగా ఉన్న కింది డివిజన్ల క్లబ్బుల సంగతి వేరు. లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులు 2020 జూన్‌లో మిగతా సీజన్ ఆడకుండానే ముగించుకున్నాయి. అలాంటి క్లబ్బు నిలబడాలని తమ వాపసును వదులుకున్న సభ్యులు మాలో ఉన్నారు, వారిని ఈ సభ మనసారా అభినందిస్తోంది. అభిమానులు పిసినారులు కారని 2020 అక్టోబరులోనూ రుజువైంది. కొన్ని మ్యాచ్‌లను టీవీలో చూడాలంటే ఒక్కోదానికి 14.95 పౌండ్లు కట్టమన్నప్పుడు, న్యూకాజిల్ అభిమానులు ముందు నడవగా ఎన్నో క్లబ్బుల అభిమానులు ఆ మొత్తాన్ని పేదలకు ఆహారం పంచే ఫుడ్ బ్యాంకులకు ఇచ్చారు. నవంబరులో ఆ వసూలు పద్ధతి ఆగిపోయింది. అడిగితే ఇచ్చే చేతులివి. అడగకుండా ఉంచేసుకున్నదాన్ని విరాళం అనలేం.

మహమ్మారి దాటిపోయింది కదా, ఇప్పుడెందుకు అన్న ప్రశ్న చర్చలో వచ్చింది. గేట్లు మూయించేది రోగం ఒక్కటే కాదు. మాడ్రిడ్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లో గొడవల కారణంగా, 1980 అక్టోబరు 1న వెస్ట్ హామ్ తన సొంత అప్టన్ పార్క్‌లో స్పెయిన్ జట్టు కాస్టీయాతో ప్రేక్షకులు లేకుండా ఆడవలసి వచ్చింది. యూరో ఫైనల్ నాటి అల్లర్లకు శిక్షగా 2022 జూన్‌లో ఇంగ్లండ్, ఇటలీ మ్యాచ్‌కు మామూలు ప్రేక్షకులను రానివ్వలేదు. ఎవరో చేసిన అల్లరికి, ఆ రోజు ఇంట్లో ఉన్న టికెట్‌దారు కూడా సీటు పోగొట్టుకుంటాడు. మన ఊళ్లవైపు చూసినా, ఇండియన్ సూపర్ లీగ్ రెండు సీజన్లు గోవాకే పరిమితమైనప్పుడు గచ్చిబౌలి మైదానానికి సొంత జట్టు మ్యాచ్ దక్కలేదు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచింది కూడా ఫటోర్డాలోనే. సొంత మైదానం మూతపడితే పోయేదేమిటో మాకు రెండు దేశాల్లోనూ తెలుసు.

పై కారణాల రీత్యా ఈ సర్వసభ్య సమావేశం ఇలా తీర్మానిస్తోంది.

ప్రేక్షకులను రానివ్వని ప్రతి హోం మ్యాచ్‌కు, కారణం ఏదైనా సరే, టికెట్ ధరలో ఆ మ్యాచ్ వాటాను టికెట్‌దారు కట్టిన ఖాతాకే నగదుగా, దరఖాస్తు అవసరం లేకుండా, క్లబ్బు తనంతట తానే 30 రోజుల్లోగా జమచేయాలి. వాయిదాల మీద వడ్డీ కట్టినవారికి ఆ వాటా వడ్డీని కూడా కలపాలి. గేట్లు మూసి ఉన్నంతకాలం మిగిలిన వాయిదాల వసూలు నిలిపివేయాలి.

వోచర్, వచ్చే సీజన్ ధరలో తగ్గింపు, క్లబ్బుకు విరాళం, ఇవన్నీ టికెట్‌దారు స్వయంగా కోరుకుంటేనే. జవాబు ఇవ్వకపోవడాన్ని విరాళానికి అంగీకారంగా తీసుకోకూడదు. నగదు తీసుకున్న కారణంగా ఎవరి సీటూ, ఏళ్లు నిరీక్షించి సంపాదించుకున్న ప్రాధాన్యమూ పోకూడదు. ఇంటర్నెట్‌లో ప్రసారం ఇస్తే సంతోషమే గానీ, అది వాపసుకు బదులు కాదు.

క్రమశిక్షణ చర్య వల్ల గేట్లు మూతపడితే, క్లబ్బు అభిమానులకు క్షమాపణ చెప్పడంతోపాటు, ముందే రైలు టికెట్లు కొనుక్కున్న దూరప్రాంత టికెట్‌దారుల ప్రయాణ ఖర్చును కూడా భరించాలి. మహమ్మారిలో ఈ అదనపు భారాన్ని మేం కోరడం లేదు. ఆ తేడా పాటించడం న్యాయమని సభ అభిప్రాయం.

2025 ఫుట్‌బాల్ పరిపాలన చట్టం కింద ఏర్పడిన స్వతంత్ర నియంత్రణ సంస్థ, టికెట్ ధరలపై అభిమానులను సంప్రదించమని క్లబ్బులను అడుగుతున్నప్పుడు, ఈ వాపసు నియమాన్ని కూడా ఆ సంప్రదింపుల్లో చేర్చాలని సభ కోరుతోంది.

సభ్యుల క్లబ్బులకు, ప్రీమియర్ లీగ్‌కు, ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌కు, నియంత్రణ సంస్థకు ఈ తీర్మానం ప్రతులను ఆంగ్ల అనువాదంతో పంపాలని, వచ్చిన జవాబులను వచ్చే సీజన్ టికెట్ల రెన్యువల్ గడువుకు ముందే సభ్యులకు చదివి వినిపించాలని కార్యవర్గాన్ని ఆదేశిస్తోంది.