బంతితో పాటు బూతునూ నేర్పుతున్న మైదానాలు

ఆరోగ్య విషయాలు రాసుకునే విశ్రాంత వైద్యుడికి ఫుట్‌బాల్ ఆటగాళ్ల నడవడితో సంబంధమేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. పేరుమోసిన ఆటగాడు ప్రత్యర్థి మోకాలిపై తన్నినప్పుడు, రిఫరీ ముఖంలో ముఖం పెట్టి తిట్టినప్పుడు, తగలని దెబ్బకు విలవిల్లాడుతూ గడ్డిలో దొర్లినప్పుడు దాని ఫలితం ఆ 90 నిమిషాలతో ముగిసిపోదు. అది సెల్‌ఫోన్ల ద్వారా మన చర్ల, దుమ్ముగూడెం, గుండాల పల్లెల దాకా వస్తుంది. వచ్చి విరిగిన ఎముకగా, ఊడిన పన్నుగా, ఆట మానేసిన పిల్లగా వైద్యుని ముందు నిలబడుతుంది. దీనిని మనం 'ఆటలో వేడి' అనీ, 'గెలవాలన్న కసి' అనీ, 'పౌరుషం' అనీ వెనకేసుకొస్తున్నాము. ఈ వెనకేసుకురావటం తప్పని చెప్పటానికే ఈ వ్యాసం.

శిక్ష కన్నా బహుమతి పెద్దదైన చోట

1982 జులై 8న స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ప్రపంచకప్ సెమీఫైనల్ జరిగింది. పశ్చిమ జర్మనీ గోల్‌కీపర్ షూమాకర్, బంతిని వదిలి ఫ్రాన్సు ఆటగాడు బాటిస్టన్ మీదికి ఎగిరి ఢీకొన్నాడు. బాటిస్టన్ అక్కడికక్కడే స్పృహ కోల్పోయాడు. పళ్లు ఊడిపోయాయి, వెన్నుపూస దెబ్బతిన్నది. రిఫరీ దానిని ఫౌల్‌గా కూడా పరిగణించలేదు. షూమాకర్ ఆట కొనసాగించాడు, అతని జట్టు ఫైనల్‌కు చేరింది. బాటిస్టన్ పళ్లు పోయాయని తెలిసినప్పుడు, అంతే అయితే తొడుగుల ఖర్చు తాను భరిస్తానని అతడు తేలికగా అన్న మాట చాలాకాలం అతనిని వెంటాడింది. తరువాత క్షమాపణ చెప్పాడు, నిజమే. కాని వెన్నుపూసకు క్షమాపణ మందు కాదు.

ఉరుగ్వే ఆటగాడు లూయిస్ సువారెజ్ సంగతి మరీ విచిత్రం. ప్రత్యర్థిని కొరికినందుకు 2010లో 7 మ్యాచ్‌లు, 2013లో 10 మ్యాచ్‌లు నిషేధం అనుభవించాడు. 2014 ప్రపంచకప్‌లో ఇటలీ ఆటగాడు కియెల్లినీ భుజాన్ని కొరికి మూడవసారి దొరికిపోయాడు. 9 అంతర్జాతీయ మ్యాచ్‌లకు, అది గాక 4 నెలల పాటు సమస్త ఫుట్‌బాల్ కార్యకలాపాలకు దూరంగా ఉండాలని తీర్పు వచ్చింది. ఆ నిషేధం అమలులో ఉండగానే బార్సిలోనా క్లబ్బు కోట్ల పౌండ్లు చెల్లించి అతనిని కొనుక్కున్నది. మన ప్రాంతంలో కుక్క కాటుకు, పాము కాటుకు భయపడతాము గాని, మనిషి కాటు కూడా ప్రమాదకరమేనని చాలామందికి తెలియదు. మనిషి నోటిలోని సూక్ష్మజీవులు లోతైన గాయంలో చేరితే చీము పట్టి కీళ్ల దాకా పాకగలవు. అటువంటి పని మూడుసార్లు చేసిన మనిషికి ధర పెరిగిందే గాని తరగలేదు.

ఇంగ్లండులో రాయ్ కీన్ అనే ఆటగాడు 2001లో హాలాండ్ అనే ప్రత్యర్థిని మోకాలి వద్ద దారుణంగా తన్నాడు. మరుసటి సంవత్సరం తన ఆత్మకథలో, పాత పగ తీర్చుకోవటానికే ఆ పని చేసినట్లు రాసుకున్నాడు. ఆ రాతకు అతనికి పడిన అదనపు శిక్ష 5 మ్యాచ్‌ల నిషేధం, లక్షా 50 వేల పౌండ్ల జరిమానా. వీధిలో ఒకడు మరొకని మోకాలు పగలగొట్టి, కావాలనే కొట్టానని పుస్తకం అచ్చువేస్తే మనం ఏమంటాము? మైదానం గీత లోపల అడుగుపెట్టగానే అదే పనికి వేరే పేరు ఎందుకు రావాలి?

పిల్లలు దీనిని ఎట్లా గ్రహిస్తారో మనస్తత్వ శాస్త్రం ఏనాడో చెప్పింది. 1961లో అమెరికాలో బందూరా అనే శాస్త్రజ్ఞుడు చిన్నపిల్లల ఎదుట ఒక పెద్దమనిషి చేత గాలిబొమ్మను కొట్టించి, తిట్టించాడు. తరువాత ఆ పిల్లలను బొమ్మ దగ్గర వదలగా అదే తీరున కొట్టారు, అవే మాటలు అన్నారు. 1965 నాటి మరొక ప్రయోగంలో కొట్టినవాడికి శిక్ష పడటం చూసిన పిల్లలు తక్కువగా అనుకరించారు. ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఏముంటుంది? తప్పు చేసినవాడికి బహుమతి దక్కటం చూసిన బాలుడు తప్పునే విద్యగా నేర్చుకుంటాడు.

మాట కూడా దెబ్బే

'తిట్టు వల్ల ఒళ్లు కందుతుందా' అనేవారు 2006 జులై 9 నాటి బెర్లిన్ ఫైనల్‌ను గుర్తు చేసుకోవాలి. ఇటలీ ఆటగాడు మాతెరాజీ, ఫ్రాన్సు నాయకుడు జిదాన్ సోదరిని గురించి నీచంగా మాట్లాడాడు. జిదాన్ వెనుదిరిగి తలతో అతని ఛాతీపై పొడిచాడు. రెడ్ కార్డు చూసి, తన చివరి మ్యాచ్ నుండి తలవంచుకుని వెళ్లిపోయాడు. ఫ్రాన్సు ఓడిపోయింది. తరువాత ఫిఫా ఇద్దరినీ శిక్షించింది. పొడిచినవాడికే గాక నోరు జారినవాడికీ 2 మ్యాచ్‌ల నిషేధం విధించింది. అది సరైన తీర్పు. గాయానికి మొదటి దెబ్బ నోటితోనే పడింది.

మన హైదరాబాదు క్రికెటర్ మహమ్మద్ సిరాజ్ ఈ రెండు వైపులనూ చూసినవాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో ప్రేక్షకుల నుండి జాతి దూషణ ఎదురైనప్పుడు అతడు తిరిగి బూతు లంకించుకోలేదు. కెప్టెనుకు, అంపైరుకు చెప్పాడు. ఆట ఆగింది, ఆరుగురిని స్టేడియం నుండి బయటకు పంపారు. అదే సిరాజ్ 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ట్రావిస్ హెడ్ వికెట్ తీసి, అతనిని దురుసుగా సాగనంపి మ్యాచ్ ఫీజులో 20 శాతం జరిమానా కట్టాడు. ఒకే మనిషి. మొదటిసారి మనం గర్వించాము, సరే. రెండవసారి కూడా చప్పట్లు కొట్టినవారు ఎందరో! మనవాడు తిట్టించుకుంటే అన్యాయం, మనవాడే తిడితే పౌరుషం అనే ఈ రెండు నాలుకల ధోరణిలోనే జబ్బు ఉన్నది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అవమానం భరించి నోరు మూసుకోమని నేను చెప్పటం లేదు. 2023 మే నెలలో స్పెయిన్‌లోని వాలెన్సియా స్టేడియంలో బ్రెజిల్ ఆటగాడు వినీసియస్ జూనియర్, తనను జాతి పేర తిట్టిన ప్రేక్షకులను వేలెత్తి రిఫరీకి చూపించాడు. మరుసటి సంవత్సరం న్యాయస్థానం ముగ్గురికి 8 నెలల జైలు శిక్ష వేసింది. దూషణను ఎదిరించటం క్రీడాస్ఫూర్తికి విరుద్ధం కాదు, దూషణే విరుద్ధం.

గీత దాటి ఇంటి దాకా

1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడ్డాయి. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ల మధ్య మొదలైన ఘర్షణ ప్రేక్షకుల గ్యాలరీలకు పాకింది. తొక్కిసలాటలో 16 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆట చూడటానికి ఇల్లు వదిలి వచ్చినవారు శవాలై ఇంటికి చేరారు. 'ఆటగాళ్ల మధ్య చిన్న తగాదా' అనే మాట ఎంత బరువైనదో ఆ 16 కుటుంబాలకు తెలుసు.

గాయం ఎల్లవేళలా స్టేడియంలోనే పడదు. ఇంగ్లండులోని లాంకషైర్ ప్రాంతంలో 2002, 2006, 2010 ప్రపంచకప్‌ల నాటి పోలీసు రికార్డులను పరిశోధకులు పరిశీలించారు. ఇంగ్లండు ఓడిన రోజున గృహహింస ఫిర్యాదులు 38 శాతం పెరిగాయి. గెలిచినా, సమానంగా ముగిసినా 26 శాతం పెరిగాయి. అనగా జట్టు గెలుపుతో కూడా ఇంట్లో ఆడదానికి రక్షణ దొరకలేదు. జర్మనీలోని మ్యూనిక్ ప్రాంతంలో 2006 ప్రపంచకప్ సమయంలో జరిపిన మరొక పరిశోధనలో, జర్మనీ ఆడిన రోజులలో గుండె సంబంధ అత్యవసర కేసులు మామూలు రోజుల కన్నా సుమారు రెండున్నర రెట్లకు మించి నమోదైనట్లు తేలింది. ఉద్రేకం, నిద్రలేమి, మద్యం, పొగ, అన్నీ కలిసి వచ్చే రోజులవి. ఆ ఉద్రేకాన్ని చల్లార్చవలసిన ఆటగాడే అగ్గి రాజేస్తే, ఆ మంట చేరే ఇళ్లు అతని కంటికి కనబడవు.

సంక్రాంతి, ఉగాది పోటీలు ముగిసిన రాత్రులలో పనిచేసిన మన ప్రాంత వైద్యులకు ఈ అంకెలు కొత్తవి కావు. పగలు ఆటలో మాట మాట పెరుగుతుంది. సాయంత్రం గుడుంబా తోడవుతుంది. అర్ధరాత్రి పగిలిన తలతో ఒకడు, వాచిన చెంపతో అతని భార్య ఒకే ఆటోలో వస్తారు. 'ఎట్లా తగిలిందమ్మా' అంటే 'జారి పడ్డాను డాక్టరుగారూ' అంటుంది.

మన గడ్డ మీది పాఠం

'దూకుడు లేనిదే గెలుపు రాదు' అనేవారికి జవాబు మన హైదరాబాదులోనే ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. ఆ జట్టులో సికింద్రాబాదు సమీపంలో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఉన్నారు. జకార్తాలో రాజకీయ కారణాల వల్ల ప్రేక్షకులు మన జట్టుపై మండిపడ్డారు, అడుగడుగునా గేలి చేశారు. అటువంటి స్టేడియంలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించటానికి మనవారికి కాళ్లు, బుర్ర సరిపోయాయి. మరుసటి ఏడే రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

కుడికాలి వాటం ఉన్నవారి చేత ఎడమకాలితోనే ఆడించే పోటీలు ఆయన పెట్టేవారు. కాలి వాటాన్నే సాధనతో మార్చవచ్చునంటే, నోటి వాటాన్ని మార్చలేమా? ఇటలీ ఆటగాడు డి కానియో 1998లో రిఫరీని కిందికి తోసి 11 మ్యాచ్‌ల నిషేధానికి గురయ్యాడు. అతడే 2000 డిసెంబరులో ప్రత్యర్థి గోల్‌కీపర్ గాయపడి నేలపై ఉండగా, గోల్ చేసే అవకాశాన్ని వదులుకుని బంతిని చేతితో పట్టి ఆట ఆపాడు. 'అది వాడి స్వభావం, మారడు' అనే వాదన అక్కడే వీగిపోతుంది.

మనకు పోయేదేమిటి?

5 నుండి 17 సంవత్సరాల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఖరీదైన జిమ్ములు లేవు, ఈత కొలనులు లేవు. ఒక వాలీబాల్ నెట్టు, ఒక బంతి, కాస్త చదును నేల, ఇంతే. రక్తహీనతతో, బక్క ఒంటితో వచ్చే పిల్ల ఆ నేల మీద పరుగెత్తటం మొదలుపెడితే ఆకలి పుడుతుంది, నిద్ర పడుతుంది, ధైర్యం వస్తుంది. అటువంటి పిల్లను ఆట మధ్యలో ఒకడు ఒంటి రంగును బట్టి, తెగ పేరును బట్టి వెక్కిరిస్తే మరునాడు ఆమె నేల మీదికి రాదు. ఆ నష్టం ఏ స్కోరు బోర్డు మీదా కనబడదు. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య నేడు భారత మహిళల ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నది. ఆమెలా రావలసిన ఎందరు పిల్లలు ఒక్క తిట్టుతో వెనుదిరిగారో లెక్క కట్టినవారు లేరు. కోయ, లంబాడ పిల్లలను నలుగురిలో తెగ పేరిట అవమానించటం 'సరదా' కాదు. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద శిక్షార్హమైన నేరం కావచ్చు.

కనుక పోటీలు నిర్వహించే పెద్దలకు, పీఈటీ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నా సూచనలు ఇవి:

1. బూతుకు హెచ్చరికతో సరిపెట్టవద్దు. మొదటిసారికి 10 నిమిషాలు బయట కూర్చోబెట్టండి, రెండవసారికి ఆ పోటీ మొత్తానికి పంపివేయండి. అతడు జట్టులో ఎంత మొనగాడైనా సరే.

2. రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలి. 2024 యూరో పోటీలలో ఈ నియమాన్ని పెట్టారు. మన ఊరి పోటీకి అది ఇంకా అవసరం.

3. నగదు బహుమతులలో కొంత భాగం మంచి నడవడి కలిగిన జట్టుకు కేటాయించండి. మెచ్చుకోలు ఎటు పోతే పిల్లలు అటు పోతారు.

4. మైదానం చుట్టూ మద్యం అమ్మకం, తాగి రావటం నిషేధించండి.

5. ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో తప్పక పిలవండి. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినా, వాంతి అయినా, మగతగా మాట్లాడినా ఆ పిల్లవాడిని ఆ రోజు మళ్లీ ఆడించరాదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. ఊడిన శాశ్వత దంతాన్ని వేరు ముట్టుకోకుండా పట్టుకుని, పాలలో ఉంచి, గంటలోపు దంతవైద్యుని వద్దకు తీసుకుపోవాలి. మనిషి కాటును సబ్బు నీటితో బాగా కడిగి, ధనుర్వాతం టీకా కోసం పీహెచ్‌సీకి వెళ్లాలి.

6. గట్టు మీద నిలబడి 'కొట్టరా, తన్నరా' అని అరిచే తండ్రులారా, మీ నోరు అదుపులో పెట్టుకోండి. మీ కొడుకు రిఫరీని తిట్టటం టీవీలో ఆటగాళ్లను చూసి కొంత నేర్చుకున్నాడు, మిగిలినది మీ దగ్గర నేర్చుకున్నాడు.

కోట్ల జీతాల ఆటగాళ్లను మనం మార్చలేము. వారి క్లబ్బులు మన మాట వినవు. కాని వారి చెడు నడవడికి మన ఊళ్లో చప్పట్లు కొట్టకుండా ఉండగలము. వచ్చే సంక్రాంతి పోటీల కరపత్రంలో బహుమతుల వివరాల కింద ఈ ఆరు నియమాలు కూడా అచ్చువేయించండి.